కెరటం మీద తెప్ప

నెల్లిమర్ల పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి జూట్ మిల్లు, రైలు స్టేషను, రామతీర్థం దారి. సముద్రం ఎవరికీ గుర్తు రాదు. అయితే 2009 ఎన్నికల నుంచీ నెల్లిమర్ల పేరుతో ఉన్న శాసనసభ నియోజకవర్గంలో నెల్లిమర్ల, డెంకాడ మండలాలతో పాటు భోగాపురం, పూసపాటిరేగ కూడా ఉన్నాయి. విజయనగరం జిల్లాకున్న తీరం మొత్తం, ఆ 28 కిలోమీటర్లూ, ఈ రెండు మండలాల్లోనే ఉంది. ముక్కాం, చేపలకంచేరు, కోనాడ, తిప్పలవలస, పతివాడ బర్రిపేట, చింతపల్లి ఊళ్ల ఓటర్లు నెల్లిమర్ల ఓటర్లే. నెల్లిమర్ల పక్కనుంచి పోయే చంపావతి కూడా చివరికి కోనాడ దగ్గర సముద్రంలోనే కలుస్తుంది. కాబట్టి సముద్రం మీది ఒక బతుకు గురించి నెల్లిమర్ల నుంచి మాట్లాడడం వింతేమీ కాదు. ఆ బతుకు తెప్ప మీదిది. మోటారు లేకుండా, రేవు లేకుండా, నాలుగు దుంగలు కట్టుకుని, తెరచాప ఎత్తుకుని, ఒడ్డున విరుచుకుపడే కెరటాల్ని దాటి వెళ్లి, మళ్లీ ఆ కెరటాల మీదనే ఎక్కి ఇంటికి వచ్చే బతుకు. అది పోయింది. పోయినందుకు ఏడవమని నేను అనడం లేదు. అదేమిటో తెలుసుకోకుండానే పోనిచ్చామని మాత్రం అంటున్నాను. పసిఫిక్ దీవుల్లో ఇదే పని చేసినవాళ్లను లోకం వీరులుగా చూసింది, మన తీరంలో చేసినవాళ్లను మనం బీదవాళ్లుగా మాత్రమే చూశాం. అక్కడి కెరటానికీ ఇక్కడి కెరటానికీ ఉన్న తేడా ఒక్కటే దీనికి కారణమంటే నమ్మడం కష్టం.

ముందు తీరం సంగతి. విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండ దాటి ఉత్తరంగా గోపాల్‌పూర్ దాకా పోతే, ఓడకు నీడనిచ్చే సహజమైన రేవు ఒక్కటీ లేదు. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార అన్నీ కలిసేది ఈ తీరంలోనే గాని, ఆ నదుల నోళ్లు ఇసుక మేటలతో పూడిపోతుంటాయి. మిగిలిందంతా తెరిచిన ఇసుక ఒడ్డు. బంగాళాఖాతం దక్షిణాన ఎక్కడో రేగిన అల వందల మైళ్లు వచ్చి ఇక్కడ లోతు తగ్గేసరికి పైకి లేచి విరుగుతుంది. ఒక వరస కాదు, రెండు మూడు వరసలు. నైరుతి రుతుపవనాల నెలల్లో ఆ వరసలు ఇంకా లోపలి నుంచే మొదలవుతాయి. ఇలాంటి చోట భీమిలిలో 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు కోఠీ పెట్టారు. 1825లో అది ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. చింతపల్లి దగ్గర నీళ్లలో దాగిన రాళ్లకు ఓడలు తగలకుండా 1847లో అక్కడ దీపస్తంభం వెలిగించారు. నౌకా పటాల్లో దాని పేరు ‘సాంతపిల్లి’. దీపస్తంభం కట్టారు గాని ఓడ ఒడ్డుకు రావడానికి మార్గం కట్టలేదు. ఓడ దూరాన లంగరు వేసుకుని నిలబడాలి. సరుకైనా మనిషైనా ఆ రెండు మూడు వరసల కెరటాల్ని దాటి దాని దగ్గరికి పోవాలి. భీమిలి, కళింగపట్నం, బారువ రేవులంటే జెట్టీలు, గోదాముల వరసలు అనుకుంటే పొరపాటే. అక్కడ రేవంటే కెరటం దాటించే మనుషులు.

దాటించడానికి రెండు సాధనాలుండేవి. ఒకటి మాసులా పడవ. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసిన పడవ అది, ఒక్క ఇనుప మేకు ఉండదు. మేకులతో బిగించిన పడవ ఇసుకకు కొట్టుకుంటే పలక పగులుతుంది, కుట్టిన పడవ మాత్రం వంగుతుంది. అటూ ఇటూ ఊగి, కుట్ల సందుల్లోంచి నీరు చిమ్మి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. పడవలో ఒకడు నీళ్లు తోడుతూనే ఉండాలి, అది వేరే మాట. ఐరోపా దేశాల నుంచి వచ్చినవాళ్లు తమ బలమైన ఓడ పడవల్ని ఈ కెరటాల్లో దించి బద్దలు చేసుకున్నాక, బుద్ధి తెచ్చుకుని మన కుట్టు పడవలే అద్దెకు తీసుకున్నారు. రెండోది తెప్ప. మద్రాసులో కృత్రిమ రేవు కట్టకముందు ప్రయాణికుల పడవల వెంట తెప్పలు నడిచేవి. పడవ బోల్తా కొడితే మనుషుల్ని ఏరుకోవడం తెప్పవాళ్ల పని. అలా ప్రాణాలు కాపాడినవాళ్లకు పతకాలు ఇచ్చేవారు. అంటే పడవకు అపాయం వస్తే ఆదుకునేది దానికంటే చిన్నదైన తెప్ప. ఎందుకలాగో తెలియాలంటే తెప్పను దగ్గర నుంచి చూడాలి.

తెప్పకు గర్భం లేదు. పడవకు పొట్ట ఉంటుంది, అందులోకి నీరు చేరితే మునుగుతుంది. తెప్ప అంటే చెక్కి ఆకారం తెచ్చిన తేలిక కర్ర దుంగలు, పక్కపక్కన. కెరటం వచ్చి మీద పడితే నీరు సందుల్లోంచి కిందికి పోతుంది. నిండేది ఏదీ లేదు గనుక మునిగేదీ లేదు. బోర్లా పడినా తిరగేసి ఎక్కి కూర్చోవచ్చు. తమిళ తీరంలో దుంగల్ని తాళ్లతో కట్టేవారు. మన ఉత్తరాంధ్ర, గంజాం వైపు పద్ధతి కాస్త వేరు. ఇక్కడ దుంగల్ని కొయ్య మేకులతో బిగించి రెండు భాగాలు చేసి, సముద్రంలోకి దిగేటప్పుడు ఆ రెండింటినీ తాడుతో కలిపి కట్టేవారు. ఒడ్డుకు రాగానే తాడు విప్పడం, ఒక్కో భాగాన్ని భుజాన వేసుకుని ఇసుక మీదికి మోసుకుపోవడం, ఎండబెట్టడం. కర్ర నీరు తాగితే బరువెక్కి మందగిస్తుంది కాబట్టి ఎండ కూడా ఓడ సామానులో భాగమే. రేవు లేని చోట రేవు అక్కర్లేని ఓడ చేసుకోవడం ఇది. లంగరు వేసి దాచుకోవాల్సిన పని లేదు, తుపాను వస్తోందంటే ఇంటి పక్కకు మోసుకుపోవచ్చు.

ఆ తెప్పను కెరటం దాటించడం వేరే పాఠం. సముద్రంలో అలలన్నీ ఒకేలా రావు. పెద్దవి గుంపుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ మధ్య కొంచెం తెరిపి ఉంటుంది. దూరాన వేర్వేరు చోట్ల పుట్టిన అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు పెద్ద గుంపు, ఒకదాన్ని ఒకటి కొట్టేసుకున్నప్పుడు తెరిపి అని శాస్త్రం చెబుతుంది. తెప్పవాడికి ఆ లెక్క అక్కర్లేదు, తెరిపి అక్కర. నడుం లోతు నీళ్లలో తెప్ప మూతిని సముద్రం వైపు పట్టుకుని నిలబడి, ఒకటి, రెండు, మూడు అని కెరటాల్ని పోనిస్తారు. చివరి పెద్దది పాదాల కింద ఇసుకను లాక్కుంటూ వెనక్కి పోయేటప్పుడు, ఆ వెనక్కి పోయే నీటితోనే తెప్పను తోసి, ఎక్కి, తెడ్లు వేస్తారు. ఆ కాస్త వ్యవధిలో విరిగే వరస దాటాలి. తిరిగొచ్చేటప్పుడు పని ఇంకా కష్టం. విరిగే వరసకు అవతల ఆగి, వెనక్కి చూస్తూ, తమకు కావలసిన కెరటాన్ని ఎంచుకోవాలి. మరీ చిన్నదైతే మోయదు, మరీ పెద్దదైతే నెత్తిన విరుగుతుంది. సరైనది వెనక నుంచి ఎత్తేసరికి నాలుగు తెడ్లు గట్టిగా వేస్తే తెప్ప దాని వాలు మీద జారడం మొదలవుతుంది. అప్పటి నుంచి బరువంతా వెనక నిలబడ్డ మనిషి చేతిలోని పొడుగు తెడ్డు మీదే. తెప్ప ఏమాత్రం అడ్డం తిరిగినా బొర్లి, కర్ర దుంగలు మనుషుల మీద పడతాయి. ఇక్కడ ఒడ్డున చనిపోయినవాళ్లలో కొందరు నీళ్లలో మునిగి కాదు, సొంత తెప్ప దెబ్బకే పోయారు. ఇంత వర్ణించాక అడగాల్సిన ప్రశ్న ఒకటే. కెరటాన్ని ఎంచుకుని, దాని వాలు మీద నిలబడి, అడ్డం తిరగకుండా ఒడ్డుకు జారడాన్ని ఇవాళ లోకం ఏమంటుంది? సర్ఫింగ్ అంటుంది. రుషికొండలో బోర్డు అద్దెకిచ్చి నేర్పుతున్నది అదే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. హవాయిలో సర్ఫింగ్ ఆట, ఇక్కడ తెప్ప పొట్టకూటి పని, రెంటినీ ఒక గాటన కట్టడం అతిశయం కాదా అని. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయి చేరాక ఐరోపావాళ్లు ఆ ఆట చూసి నోరు తెరిచారు, రాజులు కూడా కెరటాలెక్కేవారని రాశారు, నిజమే. కానీ అదే హవాయిలో చేపల వేట నుంచి వచ్చే దోనెలు కూడా కెరటమెక్కే ఒడ్డు చేరేవి. ఆట పని నుంచి పుట్టిందో, పని ఆట నుంచి పుట్టిందో తేల్చాల్సిన అవసరం లేదు, చెయ్యి చేసే పని రెంటిలోనూ ఒకటే. పెరూ దేశంలో హువాన్‌చాకో అనే ఊళ్లో జాలర్లు రెల్లు కట్టలతో కట్టిన సన్నటి తెప్పల మీద ఇప్పటికీ కెరటాలెక్కి వస్తుంటారు. వాళ్లదీ పొట్టకూటి పనే. అయినా సర్ఫింగ్ చరిత్ర రాసేవాళ్లు హువాన్‌చాకోను వదలరు. పనికీ ఆటకూ గోడ కట్టి మన తెప్పను ఒక్కదాన్నే గోడ అవతల నిలబెట్టడం న్యాయం కాదు. హవాయిలో కూడా ఆ ఆటకు ఒక దశలో కాలం చెల్లింది. 1820లో అమెరికా మిషనరీలు దిగాక, రోగాలతో జనం సగానికి సగం పోయాక, కెరటాల మీద మనుషులు పలచబడ్డారు. 20వ శతాబ్దం మొదట్లో వైకీకీ తీరంలో దాన్ని మళ్లీ పట్టుకున్నారు. 1912 ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచిన డ్యూక్ కహానమోకు దేశదేశాలు తిరిగి దాన్ని చూపించాడు. 2021లో టోక్యోలో అది ఒలింపిక్ పోటీగా కూడా మారింది. మన తీరానికి అలాంటి డ్యూక్ ఒకడు దొరకలేదంతే.

పోలిక నేను కల్పించింది కూడా కాదు. ఆంగ్లంలో రెండు పొట్టలున్న పడవను ‘కాటమరాన్’ అంటారు. పసిఫిక్ దీవుల జంట దోనెల పద్ధతిలో ఇవాళ కడుతున్న విలాసపు పడవలకు కూడా అదే పేరు. ఆ మాట పుట్టింది పసిఫిక్‌లో కాదు. కోరమాండల్ తీరపు దుంగల తెప్పకు తమిళులు పెట్టుకున్న పేరు కట్టుమరం. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ యాత్రా గ్రంథంతో అది ఆంగ్లంలోకి ఎక్కింది. పేరు మనది, కీర్తి పసిఫిక్‌ది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల పుట్టుక మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. మన తీరపు తెప్పల కట్టుబడిలో ఊరికీ ఊరికీ ఉన్న తేడాల్ని అందులో ఎంచి చూపాడు. ఆ తర్వాత 1930లలో ఎ.సి. హాడన్‌తో కలిసి పసిఫిక్ దీవుల దోనెల మీద మూడు సంపుటాలు తెచ్చింది కూడా ఆయనే. దక్షిణ భారత పడవల మీద పాలినీషియా ప్రభావం ఉందని కూడా ఆయన వాదించాడు. ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది పండితుల పని. ఆయన ఒకే కొలబద్దతో అటూ ఇటూ కొలిచాడన్నదే మనకు ముఖ్యం. ఆయన దృష్టిలో మన తెప్ప బీదవాడి అరకొర సాధనం కాదు, ఒక నిర్మాణ రీతి.

కెరటం దాటాక మిగిలేది గాలి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి నేల వైపు తిరుగుతుంది. తెరచాప ఎత్తుకున్న తెప్పకు ఇవి రెండూ రానూ పోనూ టిక్కెట్లు. గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలియనివాడు సాయంత్రానికి లోపలే ఉండిపోతాడు. నీటి వాలు కూడా తెలియాలి. ఈ తీరంలో ఫిబ్రవరి నుంచి ఉత్తరం వైపు, అక్టోబరు వచ్చేసరికి దక్షిణం వైపు నీరు నడుస్తుంది. భీమిలి నుంచి బయల్దేరినవాడు గాలినొక్కదాన్నే నమ్ముకుంటే చింతపల్లి ఎదురుగా తేలవచ్చు. చేపలు దొరికే చోటు గుర్తుపెట్టుకోవడానికి కాగితం లేదు, యంత్రం లేదు. దగ్గరి గుడి గోపురమో తాటితోపో, దాని వెనక దూరపు కొండ శిఖరం, ఈ రెండూ ఒక వరసలోకి వచ్చే గీత ఒకటి. మరో దిక్కున మరో జత, మరో గీత. రెండు గీతలు కలిసే చోటే వంజరం ఉండే రాతి గుట్ట. భీమిలి పావురాళ్లకొండ నుంచి లోపలి తూర్పు కనుమల దాకా కొండలన్నీ అలా సముద్రం మీది చిరునామాలు. మోటారు వచ్చాక గాలి లెక్క అక్కర్లేకపోయింది, జీపీఎస్ వచ్చాక కొండల లెక్క అక్కర్లేకపోయింది. అక్కర్లేని లెక్కను పిల్లలకు ఎవరూ నేర్పరు.

ఈ బతుకు ఎలా పోయిందన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు మోటారు. అది రెండో చావు. మొదటి చావు అంతకు అరవై డెబ్భై ఏళ్ల ముందే జరిగింది, దాని జాడలు నెల్లిమర్లలోనే ఉన్నాయి. మన మెట్ట పొలాల గోగు నారకు ప్రపంచ మార్కెట్లో పేరు ‘బిమ్లిపటం జూట్’. పండింది చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల వైపు. పేరు మాత్రం ఎగుమతైన రేవుది. ఎడ్ల బళ్ల మీద భీమిలి చేరిన ఆ నార కట్టలు పడవల మీద కెరటాలు దాటి ఓడలెక్కేవి. 1893 నుంచి 1896 లోపు ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం కటక్ నుంచి బెజవాడ దాకా పూర్తయింది, నెల్లిమర్ల ఆ దారిలో స్టేషనయింది. తర్వాత నార ఇక్కడి మిల్లులోనే గోనె సంచి కావడం మొదలైంది, సంచులు రైలెక్కాయి. 1933లో విశాఖ రేవు తెరిచారు, ఓడ గోడ పక్కకే వచ్చి ఆగింది. ఇక భీమిలి ఒడ్డున కెరటం దాటించేవాడితో ఎవరికీ పని లేదు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఆ తర్వాత విశ్రాంతి తీసుకోవడానికి వెళ్లే ఊరిగా మిగిలింది. మనుషుల ప్రయాణం ఇంకా కొన్నేళ్లు సాగింది. బారువ, కళింగపట్నం, భీమిలి ఒడ్డుల నుంచి పడవలెక్కి స్టీమరు చేరుకుని, రంగం (బర్మాలోని రంగూన్) పోయినవాళ్ల కథలు ఉత్తరాంధ్రలో ప్రతి ఊళ్లోనూ వినపడతాయి. సముద్రం దాటడానికి ముందు వాళ్లు దాటింది ఈ కెరటాలే. 1942లో బర్మా మీద జపాను దాడితో ఆ దారీ మూసుకుపోయింది. పడవ విద్యకు జీతమిచ్చే వ్యాపారం అలా పూర్తిగా తప్పుకుంది. మిగిలింది చేపల తెప్ప ఒక్కటే. అన్నట్టు, 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్లు పసిఫిక్‌లోని ఫిజీ దాకా పోయారు. తెరచాపలెత్తడానికి కాదు, చెరకు నరకడానికి.

రెండో చావు మెల్లగా వచ్చింది. మొదట నైలాను వల. చేత్తో వడికిన జనుము వలను వేట నుంచి రాగానే ఆరబెట్టాలి, చెట్టు బెరడు కషాయంలో ముంచాలి, చిరుగులు కుట్టాలి. నైలానుకు ఆ సేవ అక్కర్లేదు, దానివల్ల జరిగింది మంచే. తర్వాత మోటారు. ఇక్కడ ఒక వింత ఉంది. 1979లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ఇంజనీర్లు 1980లలో ఏళ్ల తరబడి కష్టపడింది ఒక్క సమస్య మీద. మోటారున్న పడవ కెరటాల్ని దాటి నేరుగా ఇసుక ఒడ్డుకు చేరాలి, మళ్లీ దిగాలి. పొట్టలోకి నీరు రాకూడదు, పంకా ఇసుకకు తగలకూడదు. అందుకని పంకాను పైకెత్తే ఏర్పాట్లు చేశారు, నమూనా మీద నమూనా కట్టి పరీక్షించారు. అంత చదువుకున్నవాళ్లు అంతకాలం మల్లగుల్లాలు పడ్డ సమస్యకు తెప్ప ఎన్నడో జవాబు చెప్పింది. ఒక్క వేగం మాత్రం ఇవ్వలేకపోయింది. చివరికి గెలిచింది ఫైబరు పడవ, దాని వెనక వేలాడే చిన్న మోటారు. ఇవాళ ముక్కాంలోనూ చింతపల్లిలోనూ ఒడ్డున వరసగా కనిపించేవి అవే. చిన్న ఫైబరు పడవను ఇప్పటికీ తెప్ప అనే పిలుస్తారు. కర్ర పోయింది, తెరచాప పోయింది, పేరు నిలిచింది.

ఇప్పుడు గట్టి అభ్యంతరం దగ్గరికి వద్దాం. తెప్పను వదిలింది ఎవరి ఒత్తిడితోనో కాదు, జాలర్లు తమంతట తామే వదిలారు. తెల్లవారుజామున చన్నీళ్లలో నడుందాకా మునిగి, రోజంతా తడి దుంగల మీద కూర్చుని, నాలుగు కవళ్లు, గుప్పెడు నెత్తళ్లు తెచ్చిన బతుకు అది. గాలి పడిపోతే తిండి లేదు, రుతుపవనం రేగితే నెల తరబడి సాహుకారి దగ్గర అప్పు. సూర్యలంకలో రిసార్టులో కూర్చుని సముద్రాన్ని చూసేవాడికి తెప్ప అందంగా కనిపించవచ్చు, దాని మీద మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి కనిపించదు. ఈ మాటలో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. మోటారు కొనుక్కున్నవాడు సరైన పనే చేశాడు. కాని బతుకు కష్టమైనంత మాత్రాన అందులోని విద్య తక్కువదైపోదు. నేత నేసే ఇల్లు ఆకలితో ఉన్నా నేతను చేతిపని కళ అంటున్నాం, మ్యూజియంలో పెడుతున్నాం, దానికి భౌగోళిక గుర్తింపు ఇస్తున్నాం. తెప్ప దగ్గరికి వచ్చేసరికి వెనకబాటుతనం అనేసి దాటిపోతున్నాం. దీనికి కులం కూడా ఒక కారణమని నా అనుమానం. వాడబలిజలు, జాలర్లు చేసే పనిని చూసి ముక్కు మూసుకున్నవాళ్లే పుస్తకాలు రాశారు, చేపల వాసన దాటి ఒడ్డు దాకా వెళ్లినవాళ్లు తక్కువ. ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులు తూర్పు తీరంలో మోటారు పడవల వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ తెప్పకు ఆ నిషేధం వర్తించదు. తెప్ప సముద్రాన్ని ఖాళీ చేయలేదన్న సంగతి చట్టం కూడా ఒప్పుకుందన్నమాట. ట్రాలర్ల చేతిలో ఖాళీ అయిన నీళ్లలో ఇవాళ మోటారు పడవ డీజిలు ఖర్చు కూడా రాబట్టలేక తిరిగొస్తున్న రోజులున్నాయి. అలాగని తెప్పకు తిరిగి వెళ్లమని కాదు. లాభనష్టాల పద్దు మనం అనుకున్నంత ఒకవైపే మొగ్గిలేదు.

మరో అభ్యంతరం దీనికంటే సూక్ష్మమైనది, నిజానికి నన్ను ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆ విద్య పోలేదు, రూపు మారిందంతే అంటారు కొందరు. ఈ తీరంలో చాలా ఊళ్లకు ఇప్పటికీ జెట్టీ లేదు. ఫైబరు పడవ కూడా అదే కెరటం దాటాలి, అదే తెరిపి కోసం ఆగాలి, తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చే అలను చూసుకుంటూ సరైన క్షణంలో మోటారును పైకెత్తాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక కూడా మళ్లీ అదే ఒడ్డు నుంచి దిగారు. ఇది నిజం. కెరటానికి సంబంధించిన సగం విద్య బతికే ఉందని నేను ఒప్పుకుంటాను, దాన్ని నేర్చుకునే కుర్రవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోయిన సగం గాలిది, వాలుది, కొండ గుర్తులది, దుంగను చెక్కే ఉలిది. పైగా మిగిలిన సగానికి కూడా ఊళ్లో పని తగ్గుతోంది. ఒడ్డు వెంబడి రొయ్యపిల్లల హేచరీలు వచ్చాయి, భోగాపురానికి విమానాశ్రయం వచ్చింది. జెట్టీ ఎక్కడ కట్టినా అక్కడ కెరటం దాటే అవసరం పోతుంది. జెట్టీ వద్దనే హక్కు నెల్లిమర్లలో కూర్చుని రాసే నాకు లేదు, వాళ్లు అడుగుతున్నదే జెట్టీ. కట్టాల్సిందే.

ఈ తీరపు కుర్రవాళ్లు చాలామంది ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి, అక్కడి మర పడవల్లో నెల జీతానికి పనిచేస్తారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అలాంటి పడవల్లోనే ఉండగా పాకిస్తాన్ పట్టుకుంది, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు మూలం ఆ ఉదంతమే. దాన్ని దేశభక్తి కథగానో ప్రేమకథగానో చూశాం. సొంత తీరం ఉన్న మనుషులు దేశానికి అవతలి కొసన మరొకరి పడవల్లో కూలీలుగా ఎందుకున్నారన్న ప్రశ్న సినిమా హాల్లోంచి బయటికి రాలేదు. తెప్ప తనది. దానికి పెట్టుబడి నాలుగు దుంగలు, ఒక గుడ్డ. మర పడవ ఇంకొకడిది. యజమానిగా ఉన్నవాడు కూలీ అయ్యాడన్న మాట చెప్పకుండా తెప్ప కథ పూర్తి కాదు. తెప్ప యజమాని నెత్తిన కూడా అప్పు ఉండేదని ఇందాకే ఒప్పుకున్నాను. అయినా ఏ వేళ సముద్రంలోకి దిగాలో వాడే నిర్ణయించుకునేవాడు.

పసిఫిక్‌లోనూ తెరచాప విద్య దాదాపు ఇలాగే ఆరిపోయే దశకు వచ్చింది. హవాయిలో నక్షత్రాల్ని, అలల్ని చూసి దారి కనుక్కునే మనిషి ఒక్కడూ మిగల్లేదు. 1970లలో కొందరు పూనుకుని హోకులేయా అనే జంట దోనెను కట్టారు గాని నడిపేవాడు లేడు. మైక్రోనేసియాలో సతవాల్ అనే చిన్న దీవి నుంచి మావు పియాయిలగ్ అనే నావికుణ్ణి పిలిచారు. ఆయన 1976లో పటం గాని దిక్సూచి గాని లేకుండా ఆ దోనెను హవాయి నుంచి తాహితికి, నెల రోజుల పైబడిన ప్రయాణంలో చేర్చాడు. ఆ తర్వాత తన వాళ్ల ఆచారం ప్రకారం పరాయివాళ్లకు చెప్పకూడని విద్యను హవాయి కుర్రవాళ్లకు నేర్పాడు. ఆ ఒక్క మనిషి బతికుండగా వాళ్లు అడిగారు, అందుకే అది నిలిచింది. మన సంగతి అంత దూరం కూడా పోలేదు. తెరచాప తెప్ప నడిపిన మనుషులు ముక్కాంలో, కోనాడలో, చింతపల్లిలో డెబ్భై, ఎనభై ఏళ్ల వయసులో ఇంకా ఉన్నారు. గాలులకు, వాలులకు, కెరటంలోని భాగాలకు, తెప్పలోని ఒక్కో దుంగకు వాళ్ల నోట పేర్లున్నాయి. వాటిలో చాలావాటికి నిఘంటువుల్లో చోటు లేదు. విజయనగరం, విశాఖ, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర, మానవశాస్త్రం చదువుతున్న పిల్లలకు ఒక విన్నపం. నెల్లిమర్ల నుంచి కోనాడకు గంటన్నర ప్రయాణం. ఫోనులో రికార్డరు ఉంటుంది. మధ్యాహ్నం గాలి తిరిగాక వెళ్లండి, ఆ వేళకు వాళ్లు ఒడ్డున పడవల నీడలో కూర్చుని ఉంటారు.